చదివింపుల పద్దు

మా డిగ్రీ చదువు ముగిసి యాభై ఏళ్ళు నిండబోతున్నాయి, అందరం ఒకసారి కలుద్దాం అన్న మాట 2024 దసరా రోజుల్లో మొదలైంది. ఎవరో వాట్సాప్‌లో గ్రూపు పెట్టారు. సంక్రాంతికి ఎలాగూ అందరూ ఊళ్ళకి వస్తారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ముక్కనుమ నాడు కాలేజీలోనే కలుసుకోవాలని ముహూర్తం పెట్టేశాం.

మాది గోదావరి ఒడ్డున చిన్న పట్నం. 1972లో బీఎస్సీలో చేరాం. చేరిన కొద్ది నెలలకే జై ఆంధ్ర ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. తెరిచాక ఆదరాబాదరాగా పాఠాలు చెప్పించుకుని 1975లో బయటపడ్డాం. క్లాసులో అరవై ఒక్క మందిమి. ఇప్పుడు లెక్క తీస్తే పదిహేడు మంది లేరు.

వట్టి చేతులతో ఎలా వెళ్తాం, కాలేజీకి ఏదైనా చేద్దాం అన్నారు. పది లక్షలు పోగుచేసి గేటుకి ఆర్చి కట్టించి, దాని మీద మా బ్యాచి పేరు చెక్కించాలని తీర్మానం. తలా పాతిక వేలకి తగ్గకూడదన్నారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన పాపానికి డబ్బు వ్యవహారం నాకు అప్పగించారు.

అదేమంత సులువైన పని కాదని త్వరలోనే తెలిసింది. అమెరికాలో ఉన్న నలుగురిలో ఇద్దరు అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. విదేశీ పౌరులిచ్చే విరాళం పుచ్చుకోవాలంటే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. మా కాలేజీకి లేదు. పాపం, మనసుండీ వాళ్ళిద్దరూ ఇవ్వలేకపోయారు. మన పాస్‌పోర్టే ఉన్న మిగతా ఇద్దరికీ ఆ చిక్కు లేదు. ఇక్కడున్నవాళ్ళు పన్ను మినహాయింపు గురించి అడిగేవారు. 80జి కింద అది రావాలంటే నగదు రెండు వేలకి మించకూడదని, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకేనని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

రోజూ రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో జాబితా పెట్టేవాణ్ణి. రోల్ నంబర్ల వరసలో పేరు, పక్కన మొత్తం. ఒకాయన పక్కవాడి యాభై వేలు చూసి, తన పాతికకి మరో పాతిక కలిపి పంపాడు. ఇంకొకాయన ఏకంగా లక్ష వేశాడు. చప్పట్ల బొమ్మలే బొమ్మలు. నాకు మహా హుషారుగా ఉండేది.

ఒకరోజు మా ఆవిడ నా భుజం మీంచి తొంగిచూసి, "పెళ్ళిలో చదివింపుల పద్దులా ఉందండీ. మైకు ఒక్కటే తక్కువ" అంది. నవ్వేసి ఊరుకున్నాను.

నవంబరు ఆఖరుకి ఎనిమిది లక్షలు వచ్చాయి. అమెరికా వాళ్ళిద్దరి పేర్ల పక్కన కారణం రాశాను. ఇక ఖాళీగా మిగిలింది ఒక్క పేరే. ఆ రాత్రి జాబితా కింద "ఇంకా రావలసినది: 43" అని రాసి పడుకున్నాను. తెల్లారి చూస్తే నలభై మూడో నంబరు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

నా నంబరు నలభై రెండు. మూడేళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం.

ఫోను చేస్తే తీయలేదు. బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. రైసుమిల్లులో గుమాస్తాగా చేసి మానేశాడు. భార్యకి పక్షవాతం వచ్చి మూడేళ్ళట. నన్ను చూసి, "ఏరా, ఇంత దూరం వచ్చావా!" అంటూ తనే లోపలికెళ్ళి అల్లం టీ పెట్టి తెచ్చాడు. కాసేపు పంటల సంగతీ, పిల్లల సంగతీ మాట్లాడుకున్నాం. లేవబోతుంటే అన్నాడు: "అయిదు వందలు ఇద్దామనుకున్నానురా. మొదటి రోజే పంపేసుంటే బాగుండేది. నువ్వు జాబితా పెట్టడం మొదలెట్టాక, ఆ లక్ష కింద నా అయిదు వందలు ఎలా రాయించుకోను?"

నా దగ్గర జవాబు లేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, పాత సంగతి ఒకటి ముందుకొచ్చింది. మరిచిపోయింది కాదు, పక్కన పెట్టేసింది. ఫైనలియర్ పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరి రోజు. మా నాన్న ధాన్యం డబ్బు ఇంకా చేతికి రాలేదు. ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి నేను నేల చూపులు చూస్తుంటే, వీడు తన ఫీజు డబ్బు తీసి నా పేరున కట్టేశాడు. "నాది రేపు ఫైనుతో కట్టుకుంటాలే" అన్నాడు. ఆ రేపు వాడికి డబ్బు సర్దుబాటు కాలేదు. మార్చిలో నేను పరీక్ష రాశాను. వాడు సెప్టెంబరులో రాశాడు. ఈలోగా బ్యాంకు ఉద్యోగాల ప్రకటన పడింది. చేతిలో డిగ్రీ ఉన్నవాణ్ణి నేను దరఖాస్తు పెట్టాను.

మొదటి జీతంలోంచి వాడి డబ్బు వాడికిచ్చేశాను. లెక్క సరిపోయిందనుకున్నాను. బ్యాంకు బుద్ధి కదా! ఆ ఆరు నెలల్ని ఏ పద్దులో రాయాలో నాకెప్పుడూ తోచలేదు.

ఇంటికొచ్చి గ్రూపులో ఈ సంగతంతా రాశాను. ఇకమీదట జాబితాలో మొత్తాలు వద్దన్నాను, ఆర్చి కూడా వద్దన్నాను. కొందరు ఒప్పుకోలేదు. లక్ష ఇచ్చినవాడికి గుర్తింపు వద్దా, పేరు కనబడితేనే కదా మరొకరు ఇచ్చేది అన్నారు. వాళ్ళ మాటా కొట్టిపారేసేది కాదు. కాకినాడ కాలేజీకి పిఠాపురం రాజా పేరుంది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఉదారంగా ఆదుకున్నారు. ఆ పేర్లు నిలవాల్సినవే. కానీ అదే కాకినాడ కాలేజీలో ప్రిన్సిపాలుగా పనిచేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు తన జీతంలో చాలా భాగం పేద విద్యార్థులకే ఖర్చుపెట్టేవారని పెద్దలు చెప్పేవారు. ఆ పిల్లల జాబితా ఎవరైనా గోడ మీద రాశారా?

రెండు రోజులు వాదించుకున్నాక, లక్ష ఇచ్చినాయనే ముందు సరే అన్నాడు. ఎనిమిది లక్షలూ కాలేజీ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాం. ఏడాదికి యాభై వేల పైచిలుకు వడ్డీ వస్తుంది. ఆఖరి తేదీ నాటికి పరీక్ష ఫీజు కట్టుకోలేని పిల్లలకి ఆ రోజే అందులోంచి కట్టేయాలి. దరఖాస్తులు, వేదిక మీద ఫొటోలు, పేపర్లో పేర్లు ఏవీ ఉండకూడదని ప్రిన్సిపాలు గారికి రాసిచ్చాం. దాతల పేర్లు అడిగితే, పోయిన పదిహేడు మందితో సహా అరవై ఒక్క పేర్లూ హాజరుపట్టీ వరసలో ఇచ్చాం.

వాడికి ఫోను చేసి ఈ నిధి సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఆ కిటికీ నీకింకా గుర్తుందట్రా?" అన్నాడు.

ముక్కనుమ నాడు మా కెమిస్ట్రీ మాస్టారు పాత క్లాసురూములో హాజరు పిలిచారు. లేనివాళ్ళ నంబరు వచ్చినప్పుడు అందరం లేచి నిలబడ్డాం. "నలభై రెండు" అన్నారు. "ప్రెజెంట్ సార్" అన్నాను. "నలభై మూడు" అన్నారు. నా పక్కన బెంచీ ఖాళీగా ఉంది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ పిలిచారు.

"ప్రెజెంట్ సార్. బస్సు ఆలస్యమైందండీ" అని గుమ్మంలోంచి వినబడింది.

భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుంటుంటే నా జేబులో ఒక కవరు దూర్చాడు. అప్పటికప్పుడు రసీదు రాసిచ్చాను. ఎంత అని మా ఆవిడ కూడా అడగలేదు.