ప్రవేశచింత: రెండు దేశాలు, రెండు ప్రశ్నలు

అమెరికాలో కొన్ని సంవత్సరాలు, తదనంతరం బ్రిటన్‌లో కొన్ని సంవత్సరాలు ఆలయార్చకత్వం నిర్వహించే భాగ్యం నాకు కలిగింది. పిల్లల పేరిట అర్చనలు అధికమయ్యే కాలం ఒక్కొక్క దేశంలో ఒక్కొక్కటి. అమెరికాలో డిసెంబరు మధ్యభాగం, మార్చి చివరి వారం, బ్రిటన్‌లో ఆగస్టు. పంచాంగంతో ప్రమేయం లేని ఈ పర్వదినాలకు కారణం విశ్వవిద్యాలయ ప్రవేశ ఫలితాలు.

బ్రిటన్ విద్యార్థి యూకాస్ ద్వారా ఐదు కోర్సుల వరకు కోరవచ్చు. వైద్యవిద్యకైతే నాలుగు మాత్రమే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఒక ఏడాది సాధారణంగా ఒక్కదానికే దరఖాస్తు చేయాలి. సీటు ఇస్తామని వర్తమానం వచ్చినా, ఏ-లెవెల్ పరీక్షలలో నిర్దిష్టమైన గ్రేడ్లు సాధించాలనే షరతు తరచుగా ఉంటుంది. అందుచేత ఆగస్టు వరకు ఆ బిడ్డది త్రిశంకుస్థితి. 2020లో పరీక్షలు రద్దయి, ఇంగ్లండ్‌లో ఒక గణనసూత్రంతో గ్రేడ్లు నిర్ణయించినప్పుడు దాదాపు 40 శాతం ఉపాధ్యాయుల అంచనాకంటే తగ్గాయి. కొద్ది రోజులకే ప్రభుత్వం వెనుకకు తగ్గినా, ఆ కొద్ది రోజుల క్షోభ సామాన్యమైనది కాదు.

అయినప్పటికీ అక్కడి ప్రశ్న స్పష్టం: నీకేమి తెలుసు? దరఖాస్తులో వ్రాసే వివరణ కూడా ప్రధానంగా చదువదలచిన శాస్త్రం గురించే.

అమెరికాలో ప్రశ్న మారుతుంది. కామన్ యాప్ ద్వారా ఇరవై కళాశాలల వరకు ప్రయత్నించవచ్చు. మార్కులతోపాటు సిఫారసు లేఖలు, పది వరకు ఇతర వ్యాపకాలు, 650 పదాలకు మించని స్వీయకథనం సమర్పించాలి. హార్వర్డ్ వంటి చోట్ల ఇటీవల నూటికి ఐదుగురికి కూడా ప్రవేశం లభించడం లేదు. అక్కడ అడిగేది: నీవెవరు?

సాధకులు జన్మంతా విచారించే ప్రశ్న ఇది. దానికి పదిహేడేళ్ళ బాలుడు 650 పదాలలో సమాధానం వ్రాసి, అపరిచితుల తీర్పుకై నిరీక్షించాలి. ఈతపోటీ పతకం, వయోలిన్, సేవాకార్యక్రమం ఇవన్నీ కూర్చి "ఇదే నేను" అని ప్రకటించాలి. ఉపాధిని ఆత్మగా భావించే అధ్యాసకు ఇంతకంటె శ్రద్ధగా శిక్షణ ఇచ్చే విధానం నేనెరుగను. బ్రిటన్‌లో తప్పినవాడు పరీక్ష తప్పాననుకుంటాడు. ఇక్కడ తిరస్కృతుడైనవాడు తానే తిరస్కృతుడయ్యానని కుమిలిపోతాడు. నా దృష్టిలో ఈ భారమే గురుతరం.

ఒక మార్చి చివర ఒక బాలుడు తీర్థం పుచ్చుకుని, "పంతులుగారూ, నాలో ఏం తక్కువైంది?" అని అడిగాడు. కళాశాలలు కారణం చెప్పవు. మా వేదపాఠశాలలో పరీక్షాధికారి ఏ పనస అడుగుతారో అని వణికిపోయేవాళ్ళం. కాని తప్పినప్పుడు ఏ పదంలో ఏ స్వరం జారిందో అక్కడికక్కడే చెప్పేవారు. మరునాడు ఆ పదాన్నే వల్లె వేసుకునేవాళ్ళం. ఆ బాలునికి వల్లె వేయడానికి పదమే లేదు. ప్రసాదం ఇచ్చి, చాలాసేపు పక్కన కూర్చోబెట్టుకున్నాను.

తల్లిదండ్రులు గోత్రనామాలతోపాటు విశ్వవిద్యాలయం పేరు కూడా సంకల్పంలో చేర్చమంటారు. నేను బిడ్డ పేరు, నక్షత్రం చెప్పి, "విద్యాప్రాప్త్యర్థం" అని ఊరుకుంటాను. హారతి అయ్యాక ఎవరో ఒకరు తప్పక అడుగుతారు: "పంతులుగారూ, ప్రిన్స్‌టన్ అని వినపడలేదేమండీ?"