ఇత్తడి నాకు తెలుసనుకున్నాను

మాది బేగంబజార్‌లో ఇత్తడి, రాగి సామాన్ల దుకాణం. బిందెను వేలి కణుపుతో ఒకసారి కొట్టి వింటే మాలు ఎలాంటిదో చెప్పేవాణ్ణి. చదువు అంతగా అబ్బకపోయినా ఆ విద్య మాత్రం బాపు పక్కన గల్లా దగ్గర కూర్చునే పట్టుబడింది. దాని మీద నాకున్న నమ్మకమే నా కారు గేర్‌బాక్సును పాడుచేసింది.

కారు కాంటెస్సా. స్పోర్ట్స్ కారు నడపాలని మనసు పడ్డ కుర్రాడికి ఆ కాలంలో మన దేశంలో దొరికేదేముంది? 1998లో గోవా నుంచి శాన్ స్టార్మ్ అని రెండు సీట్ల బండి వచ్చింది గానీ అది రోడ్డు మీద కనబడ్డమే గగనం. అందుకని పొడుగాటి బానెట్టు, వెనక చక్రాల డ్రైవ్ ఉన్న కాంటెస్సానే మాకు స్పోర్ట్స్ కారు. బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ విక్టర్ రూపాన్ని తెచ్చుకుని హిందుస్థాన్ మోటార్స్ 1984లో దాన్ని దించింది. మొదట అంబాసిడర్‌కు వేసే 1.5 లీటర్ల ఇంజనే. తర్వాత ఇసుజు 1.8 లీటర్ల ఇంజను, 5 గేర్ల బాక్సు వచ్చాక ఆ బండికి ప్రాణం లేచొచ్చింది. 2002లో తయారీ ఆపేశారు. నేను కొన్నది ఆ తర్వాతే, సెకండ్‌హ్యాండ్‌లో.

పొద్దున పది దాటితే బేగంబజార్‌లో కారు నడపడం ఎలా ఉంటుందో ఒకసారి వచ్చినవాళ్ళెవరికైనా తెలుసు. తోపుడు బండ్లు, ట్రాలీ ఆటోలు, మూటలెత్తుకున్న హమాలీలు. మూడో గేరు వేసే సందు దొరకదు. ఒకటి, రెండు, మళ్ళీ ఒకటి. రాత్రి షట్టర్లు దించాక నేను నెక్లెస్ రోడ్డుకు పోయేవాణ్ణి. మూడులో లాగి లాగి ఒక్కసారిగా రెండుకు దించి ఇంజను గర్జన వినడం అప్పట్లో నా సంబరం. పగటి రద్దీ, రాత్రి సంబరం రెండూ కలిసి రెండో గేరు మీదే పడ్డాయి. కొన్నాళ్ళకు రెండు వేసినప్పుడల్లా కర్రుమనడం మొదలైంది.

గోషామహల్‌లో పాత బండ్లు విప్పి సామాను అమ్మే దుకాణాల మధ్య ఒక పెద్దాయన ఉండేవాడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. ఆయన బండి తోలి చూసి, గేర్‌బాక్సు దించి విప్పి, రెండో గేరు సింక్రో రింగు పోయిందన్నాడు. ఇంజను వైపు నుంచి తిరిగే గేరు వేగం ఒకటి, చక్రాల వైపు నుంచి తిరిగే షాఫ్టు వేగం ఇంకొకటి. ఆ రెండిటినీ ఒక్క క్షణంలో సమం చేసేది ఈ ఇత్తడి రింగే. గేరు పక్కన ఏటవాలుగా ఉండే కోను మీద అది ఒరుసుకుని పట్టుకుంటుంది. వేగాలు కలిశాకే స్లీవు జారి పళ్ళలో కూర్చుంటుంది. రింగు పట్టు తప్పితే పళ్ళు పళ్ళు కొట్టుకుంటాయి. ఆ కర్రు అదే.

"సామాను నేను తెచ్చుకోనా, నువ్వు తెస్తవా చిన్న సేఠ్?" అని అడిగాడు ఉస్తాద్. ఇత్తడి సామాను కదా, నేనే తెస్తానన్నాను.

కొనడానికి పోయిన చోట దుకాణదారు నాతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఇది ముందే చెప్పాలి. ఆయన రెండు రింగులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఇసుజు బాక్సులోంచి విప్పిన అసలు రింగు, వాడిందే, కాస్త మసకబారి ఉంది. రెండోది కొత్తది, లోకల్ మాలు, తళతళలాడుతోంది, ధర అందులో సగం కూడా లేదు. "ఇది లోకల్. ఫిట్ అయితది. ఎన్నాళ్ళొస్తదో నేను చెప్పలేను" అన్నాడు. నేను రెండిటినీ అరచేతుల్లో పెట్టి తూచాను. కొత్తది బరువు. బల్ల అంచుకు తాటించి విన్నాను, మోత బాగుంది. ఇంకా బేరమాడి దాన్నే తీసుకున్నాను. ఇంటికొచ్చాక పాత రింగుకు అంత డబ్బు పోసే తెలివితక్కువవాళ్ళు ఉంటారని బాపుతో అన్నాను కూడా.

ఇంకొక పని చేశాను. వెనక డిఫరెన్షియల్‌కు తెచ్చిన జీఎల్-5 ఆయిల్ డబ్బాలో కొంత మిగిలితే, గేర్‌బాక్సులో కూడా అదే పోయమన్నాను. జీఎల్-4 కావాలని ఉస్తాద్ అన్నాడు. 5 అంటే 4 కంటే మెరుగే కదా అన్నది నా లెక్క. ఆ అంకె బాగోగుల మెట్టు కాదు, పని తేడా. డిఫరెన్షియల్ పళ్ళ మీద పడే భారీ ఒత్తిడికి తట్టుకోవాలని జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ వేస్తారు. ఉక్కుకు అవి రక్ష. వాటిలో కొన్ని రకాలు ఇత్తడిని తినేస్తాయి. పైగా ఆ జారుడుకు సింక్రో రింగు గట్టిగా పట్టుకోదు. ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే ఏమవుతుందో తెలిసిన ఇంట్లో పుట్టి కూడా నాకది తట్టలేదు.

కొన్ని వారాలు గేరు వెన్నలా పడింది. తర్వాత కర్రు మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా గట్టిగా. లాగుతుంటే రెండో గేరు దానంతటదే బయటికి దూకడం కూడా మొదలైంది. అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. గోషామహల్ పోయి, పది మంది వింటుండగా, నేను తెచ్చిన కొత్త రింగు దాచుకుని పాతది వేశావని ఉస్తాద్‌ని అన్నాను. మా బాపు వయసు ఆయనది. ఏమీ అనలేదు. బాక్సు మళ్ళీ దించాడు.

రింగు బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. నేను కొన్నదే, నేను గుర్తుపట్టగలను. తళతళ పోయి నల్లబడింది. ఆయన రెండో గేరును బల్ల మీద నిలబెట్టి, ఆ రింగును కోను మీద కూర్చోబెట్టి, "బొటనవేళ్ళతో ఒత్తి తిప్పు" అన్నాడు. ఒత్తాను. రింగు సులువుగా తిరిగిపోయింది. తర్వాత వేరే బాక్సులోంచి తీసిన పాత రింగు ఒకటి, మసకగా ఉన్నదే, కొంచెం నూనె రాసి ఇంకో గేరు కోను మీద పెట్టి తిప్పమన్నాడు. ఎంత తిప్పినా కదల్లేదు. చివరికి పక్కనుంచి తడితే ఊడొచ్చింది.

"ఇప్పుడు లోపల గోరు పెట్టి గీరు" అన్నాడు. పాత రింగు లోపలి గోడంతా సన్నటి మర చుట్లు. గోటికి ఒక్కొక్కటీ తగులుతోంది. ఆ అంచులే కోను మీది నూనె పొరను కోసి లోహాన్ని లోహానికి ఆనిస్తాయి. నా రింగు లోపల గోరు జారిపోయింది. చుట్లు లోతు లేకుండా తీశారు, మాలు మెత్తన, ఉన్న కాస్తా చదునైపోయింది. మా దుకాణంలో బిందెకు మాలు ధర వేరు, మజూరీ వేరు కట్టి బిల్లు రాస్తాం. ఇలాంటి రింగు విలువంతా మజూరీలోనే. నేను దాన్ని మాలుగా తూచి కొన్నాను. ఉస్తాద్ చేతివైపు చూడ్డానికి నాకు మొహం చెల్లలేదు.

అంతటితో అవలేదు. ఆయన గేరు పక్కనున్న చిన్న పళ్ళు చూపించాడు. కోసుగా ఉండాల్సిన మొనలు గుండ్రంగా అరిగిపోయాయి. కోను మీద కూడా మెరుగు పెట్టినట్టు నున్నటి పట్టీ. అంటే మొదటిసారే గేరు కూడా మార్చాల్సింది, ఆ మాట ఆయన అప్పుడే అన్నాడు, ఖర్చని నేనే వద్దన్నాను. అరిగిన కోను మీద ఎంత మంచి రింగు పెట్టినా ఎక్కువ కాలం రాదు. స్లీవు, దాని లోపలి హబ్బు కూడా ఒకదానితో ఒకటి అరుగుతూ జతపడతాయి, ఒకటి కొత్తది ఒకటి పాతది వేస్తే గేరు దూకుతుంది.

అంబాసిడర్ 1800లో కూడా ఇసుజు ఇంజనూ 5 గేర్ల బాక్సూ ఉండడం నా అదృష్టం. విప్పేసిన ఒక అంబాసిడర్ బాక్సులోంచి రెండో గేరు, రింగు, హబ్బు, స్లీవు నాలుగూ జతగా తీసుకున్నాం. ఈసారి తూచింది నేను కాదు. ఉస్తాద్ రింగును కోను మీద నొక్కి, రింగుకూ గేరుకూ మధ్య సందులో ఫీలర్ గేజి పెట్టి చూశాడు. కొత్త జతలో ఆ సందు 1 మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది, రింగు అరిగేకొద్దీ గేరు దగ్గరికి జరిగి సన్నబడుతుంది. సందు అసలే లేకుండా పోతే రింగు కోనును కాక గేరు గోడను ఆనుకుంటుంది, ఇక పట్టు ఉండదు. మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్ పోశాం.

మీరూ పాత బండి మీద మనసు పడ్డవాళ్ళయితే ఒక డబ్బా మీది మెరుపో, ధరో చూసి ఇలాంటి రింగు ఎప్పుడో కొనే ఉంటారు, లేదా కొనబోతారు. లోకల్ మాలంతా చెడ్డదని నేననను. ఆయిల్ సీళ్ళు, గ్యాస్కెట్లు లోకల్‌వి వేసి ఏళ్ళు నడిపాను. కానీ కోను మీద పట్టుకోవాల్సిన రింగును మాత్రం పాత గేరును వెంట తీసుకెళ్ళి, దుకాణం బల్ల మీదే ఒత్తి తిప్పి చూసి కొనండి. తిప్పనివ్వని దుకాణంలో కొనకండి.

బండి చేతికొచ్చిన రోజున ఉస్తాద్‌కి కూలీ ఇచ్చి, నేను నింద వేసినప్పుడు విన్నవాళ్ళను ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ గోషామహల్ అంతా తిరిగాను. అందరూ దొరకలేదు.