పనసకు అంత ఎత్తెందుకు?

ఉద్దానం ఊళ్ళలో పనస చెట్టు ఇంటి మనిషి కిందే లెక్క. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడిమామిడి, పనస పక్కపక్కనే పెరుగుతాయి. లేతకాయ దొరికే రోజుల్లో పొట్టు కొట్టి ఆవ పెట్టిన కూర, ఎండలు ముదిరాక తొనలు, ఆ తరవాత ఎండబెట్టి దాచుకున్న గింజలు. వడ్డనలో పనసపొట్టు కూర లేకపోతే విందుకు నిండుదనం రాదనుకునే వాళ్ళం మేము.

ఈ చెట్టుతో చిక్కల్లా అది ఇంటికి మరీ దగ్గరగా మొలిచినప్పుడే వస్తుంది. పెరట్లో తొనలు తిని పారేసిన గింజ గోడవారన మొలుస్తుంది. ముచ్చటపడి ఉంచేస్తాం. నేల నచ్చితే అది పదిహేను మీటర్లు దాటి పోతుంది. ఆకులు పెంకుల మీద పేరుకుంటాయి, కొమ్మలు కరెంటు తీగల్ని తాకుతాయి, పది పదిహేను కిలోల కాయ సరిగ్గా వంటింటి కప్పు మీదుగా వేలాడుతుంది. అప్పుడు ఇంట్లో మాట మొదలవుతుంది: ‘కొట్టించేద్దామా?’

ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఉద్దానంలో తరాలనాటి కొబ్బరి, జీడి, పనస చెట్లు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. అది చూసిన కళ్ళు గోడపక్క చెట్టును మునుపటిలా చూడలేవు. దట్టమైన పనస తల గాలికి తెరచాప లాంటిది. ఎంత ఎత్తున ఉంటే వేళ్ళ మీద అంత లాగుడు. ఇసుక నేలలో ఆ వేళ్ళకు పట్టు తక్కువ.

అయినా మొదలంటా నరకనక్కర్లేదనే నా నమ్మకం. దానికి కారణం పనస కాపులోనే ఉంది. మామిడి కొమ్మల చివర పూస్తుంది; పనస మానుకూ లావు కొమ్మలకూ కాస్తుంది. అంటే చెట్టు తల తగ్గించినా కాయ ఎక్కడికీ పోదు. పైగా నిచ్చెన వేస్తే చేతికి అందుతుంది, తాడు కట్టి మెల్లగా దించుకోవచ్చు. చిటారుకొమ్మన ఉన్నది చాలావరకు ఆకే. ఒక్క సంగతి మరవకూడదు. మగపూలు సన్న రెమ్మల మీదే ఎక్కువగా వస్తాయి. పూసి, నల్లబడి రాలిపోయే ఆ చిన్న కంకుల్ని చూసి పిందెలు రాలాయని బెంగపడతాం గానీ, వాటి పుప్పొడి లేనిదే కింద కాయ కట్టదు. అందుకే చెట్టును మొత్తం బోడి చెయ్యకూడదు.

కొయ్యడానికి అదను పండ్లు దిగిపోయిన వెంటనే, జూన్ నెలాఖరు నుంచి జూలైలో వాన తెరిపిచ్చిన రోజులు. అప్పుడు కోస్తే అక్టోబరు గాలుల నాటికి గాయం అంచులు కట్టుకోవడం మొదలవుతుంది, తల పలచబడి గాలి దూరిపోతుంది. నిలువుగా పోయే మొవ్వును ఎక్కడపడితే అక్కడ నరక్కుండా, పక్కకు సాగే గట్టి కొమ్మ దగ్గరకు తగ్గించాలి. సగంలో మొండెం చేస్తే అక్కడినుంచి గుంపుగా చిగుళ్ళు లేస్తాయి. వాటికి పట్టుండదు, తరవాతి తుపానుకు అవే ముందు విరుగుతాయి. ఒక్క ఏడాదే అంతా తగ్గించాలనే తొందర వద్దు. పచ్చదనంలో నాలుగో వంతుకు మించకుండా, రెండు మూడేళ్ళలో కావలసిన ఎత్తుకు తేవచ్చు.

లావు కొమ్మను ముందు కిందినుంచి కొంత కోసి, ఆ తరవాత కాస్త అవతలగా పైనుంచి కొయ్యాలి. లేకపోతే బరువుకు చీలి మాను బెరడును పట్టుకుపోతుంది. చివరికి మిగిలిన మోడును కొమ్మ మొదట్లోని ఉబ్బు చెడకుండా తీసెయ్యాలి. కోతకు బోర్డో పేస్టు పూస్తే మంచిది: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు, ఇనుప గిన్నెలో కాకుండా ప్లాస్టిక్ బకెట్లో. పాలు కారతాయి కాబట్టి చేతికీ కత్తికీ నూనె రాసుకోవాలి. మాను మీద ఆకులతో కనిపించే పొట్టి రెమ్మల్ని శుభ్రం పేరుతో గీకెయ్యకూడదు; వచ్చే ఏటి ఆడపూలు అక్కడే పుడతాయి. తీగల దగ్గరి కొమ్మయితే కరెంటు ఆపించాకే మనిషిని ఎక్కించాలి.

గోడకు భయపడి ఇంటివైపు లావు వేళ్ళను నరికితే మాత్రం కోరి ప్రమాదం తెచ్చుకున్నట్టే. ఆ వేళ్ళే చెట్టును నిలబెడుతున్నాయి. చెట్టు వేరువైపు నుంచే కదిలి నేల పగుళ్ళిచ్చినా, మాను పుచ్చిపోయి ఇంటిమీదికి వాలినా ఇక కొమ్మలు కోసి లాభం లేదు. అప్పుడు తీసెయ్యడమే న్యాయం. కొత్తగా నాటేవాళ్ళు ఇంటికి ఎనిమిది పది మీటర్ల దూరంలో నాటి, మొక్క వయసులోనే మొవ్వు తుంచి పక్క కొమ్మలు పట్టిస్తే పెద్దయ్యాక గొడ్డలి పని ఉండదు.

విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేది పనస కర్రతోనే. కుండ, దండి అన్నీ ఒకే దుంగలోంచి తొలిచే ఏకాండి వీణకు ముదిరిన, లావైన మాను కావాలి. అలాంటి మాను తయారవడానికి ఒక మనిషి ఓపిక చాలదు. తాత నాటితే తండ్రి కాపాడాలి, కొడుకు అవసరమైనప్పుడు వాడుకోవాలి. ఏడాదికో పూట కొమ్మలు కోయించే ఖర్చు ఆ మానును నిలిపే ఖర్చు. కాయా, నీడా, పొట్టుకూరా మధ్యలో ఊరికే వస్తాయి.

మీ పెరట్లో పనస ఇల్లు దాటి పెరిగిపోతే ‘ఉంచాలా, కొట్టాలా’ అన్న ప్రశ్న పక్కన పెట్టండి. ‘ఎంత ఎత్తులో ఉంచాలి’ అని అడగండి. నిచ్చెన అందేంత ఎత్తున కాయలుంటే ఇంటికి చాలు. ఈ ఏడు ఆఖరి పండు దిగిన వారంలోనే రంపం పట్టే మనిషికి కబురు పెట్టండి.