కోనా తీరపు గాలి

హవాయి ద్వీపములలో పెద్దదానికి పడమటి యొడ్డున కైలువా-కోనా యను చిన్న పట్టణము కలదు. విమానము దిగగానే కన్ను పోయినంత మేర నల్లని రాళ్లే కనబడును. అగ్నిపర్వతము కక్కిన లావా గడ్డకట్టి యట్లు పడియున్నది. పచ్చని తోటలు చూతునని వచ్చిన నాకు బొగ్గుల కొట్టులో దిగినట్లు తోచెను.

మేమచ్చటికి పోయినది వినోదార్థము కాదు. కాలిఫోర్నియాలో కాపురమున్న నా మేనకోడలు 2023 అక్టోబరు 14వ తేదీన కోనాలో జరుగు ఐరన్‌మాన్ ప్రపంచపు పోటీకి అర్హత సంపాదించినది. భర్తకు సెలవు దొరకలేదు. మూడేండ్ల పిల్లను చూచుకొనుటకు నన్ను వెంటబెట్టుకొని వచ్చినది. సముద్రములో 3.8 కిలోమీటర్లు ఈది, బైసికిలుపై 180 కిలోమీటర్లు పోయి, దిగి 42.2 కిలోమీటర్లు పరుగెత్తవలెను. ఇదంతయు నొక్క దినముననే!

ఆ యేడు పురుషుల పోటీ ఫ్రాన్సులోని నీస్ నగరమున జరిగినది. కోనా స్త్రీలదే, రెండువేలకు పైగా వచ్చిరి. 1978లో ఓహూ ద్వీపమున ఈ పందెము పుట్టినప్పుడు ఒక్క స్త్రీయు లేదు. మరుసటి యేట లిన్ లెమేర్ అను నామె యొక్కతెయే దిగి, మొత్తముమీద ఐదవదిగా నిలిచెను.

మా గది పెండ్లివారి విడిదివలె సామానుతో నిండెను. ఇంత సామానులో ఏది కావలెనో, ఏది వలదో నిర్ణయించుటే సగము పరీక్ష యని నాకప్పుడు తెలిసినది. చల్లని నీటిలో ఈదువారు రబ్బరు అంగీ తొడుగుకొందురు. అది వెచ్చదనమిచ్చుటయేగాక శరీరమును తేల్చును. కోనా సముద్రమో గోరువెచ్చగా నుండును గనుక అచ్చట దానిని అనుమతింపరు. మావాళ్లమ్మాయి పలుచని బిగుతు గుడ్డ యంగీతో సరిపెట్టుకొన్నది. జోళ్లు మాత్రము పాతవే తెచ్చినది. ఎండకు పాదములు వాచును గనుక కొంచెము వదులైనవి, ముడి వేయ నక్కరలేని సాగు లేసులు గలవి.

ఇక సీటు సంగతి. ముంజేతులు హాండిలుపై ఆన్చి గంటలకొలది ముందునకు వంగి తొక్కునప్పుడు బరువు పిరుదుల యెముకలపై గాక ముందుభాగమున పడును. పురుషుల కొలతకు చేసిన సీటుపై స్త్రీకి పుండ్లు పడును, తిమ్మిరెక్కును. నాలుగు సీట్లు మార్చిన పిమ్మట నడుమ పల్లము గలది, ముక్కు కురచయైనది దానికి కుదిరినదట. ఈ మాట నాతో గుసగుసగా చెప్పినది. పత్రికలో వ్రాయవచ్చునా యని నేనును సంశయించితిని. వ్రాయకపోవుటవలననే గదా మనవారు ఓర్చుకొనుచున్నారు!

అసలు చిక్కు ముందు చక్రముతో వచ్చినది. ఎనిమిది సెంటీమీటర్ల లోతు రిమ్ముగల ఆ కార్బన్ చక్రమును దాని భర్త నెలల తరబడి కూడబెట్టి పుట్టినదినమునకు కొనియిచ్చెను. ఎదురుగాలిని చీల్చుకొనిపోవుటకు అట్టిది మేలే. కాని కోనాలో గాలి ఎదురుగా మాత్రమే వీచదు. ఉత్తరమున హావీ యను గ్రామము వరకు పోయి మరలవలెను. ఆ దారిలో కొండవైపునుండి దిగు గాలి ప్రక్కనుండి కొట్టును. రంధ్రములు లేని పళ్లెమువంటి నిండు చక్రములను ఈ పోటీలో నిషేధించుటకు అదియే కారణము.

పందెమునకు మూడు దినములు ముందు అది ఆ దారిలో తొక్కుచుండగా, పిల్లతో నేను కారులో వెనుక పోయితిని. ఒక మలుపు తిరుగగానే బైసికిలు ఒరిగి, బారెడు దూరము దారి నడుమకు జరిగెను. ఎదుట లారీ వచ్చుచున్నది. పిల్ల "అమ్మ డాన్సు చేస్తున్నది" అని నవ్వెను. నాకు గుండె నోటికి వచ్చినది.

ఆ రాత్రి అది పలుకక కూర్చుండెను.

"అత్తా, ఈ చక్రము తీసివేసినచో ఆయన మనసు నొచ్చుకొనునేమో."

"నీ బరువెంత, అమ్మాయీ?" అని యడిగితిని.

"యాబది కిలోలు."

"ఆ మలుపులో నిన్ను చూచియుండినచో నీ మగడే ఊడదీసి పారవేసియుండును."

అది కొంతసేపు నవ్వి, తరువాత ఏడ్చినది. తేలికయైనవారిని ప్రక్కగాలి మరింతగా త్రోయును. బండిని త్రిప్పునది ముందు చక్రమే గనుక ఆ పోటు చేతులకు తగులును. వెనుక లోతు రిమ్ము ఉన్నను అంత ప్రమాదము లేదు. కాబట్టి వెనుకది ఉంచి, ముందు తాను అభ్యాసము చేసిన పాత చక్రమును బిగించుకొన్నది. భర్తకు ఫోను చేసి చెప్పగా ఆయన అడిగినది ఒక్కటే: "బ్రేకులు సరిచూచితివా?"

పందెమునాడు ఓడరేవు దగ్గర పిల్లనెత్తుకొని నిలుచుంటిని. మధ్యాహ్నము దాటినది. సైకిళ్లు ఒక్కొక్కటే తిరిగి వచ్చుచుండెను. ప్రతి యెఱ్ఱ టోపీయు మాదే యనిపించెను. మోకాలిపై గీరుకొని వచ్చిన యొకామెను చూచి కన్నులు మూసికొంటిని. తెరచునప్పటికి మావాళ్లమ్మాయి దిగుచున్నది, నిండుగా, ఒక్క గాయమైనను లేకుండ. "గాలి ఎట్లున్నది?" అని కేకవేసితిని. చేయి ఊపి పరుగునకు పోయినది.

రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట అలీయీ వీధిలో దీపముల క్రింద అది ముగింపు గీత దాటినది. పిల్ల అప్పటికి నా భుజముపై నిద్రపోయెను. మరునాడుదయము లేచి చూడగా, గోడకు ఆన్చిన కొత్త చక్రమును గిఱ్ఱున త్రిప్పుచు ఆడుకొనుచుండెను.