కేసేస్తే అరువెవరిస్తారు?

2018 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కో జ్యూరీ మోన్‌శాంటో కంపెనీని 28.9 కోట్ల డాలర్లు కట్టమంది. రౌండప్ కలుపు మందు కొట్టీ కొట్టీ క్యాన్సర్ తెచ్చుకున్నానని ఒక బడి మైదానాలు చూసుకునే ఉద్యోగి వేసిన దావా అది. అప్పీళ్లలో ఆ మొత్తం 2.05 కోట్లకు దిగింది. ఇలాంటి కేసుల్లో లాయర్లే బాగుపడతారని అమెరికాలోనూ అంటారు, అందులో కొంత నిజముంది. కానీ డబ్బును మించిన సంగతి ఇంకోటి జరిగింది. బాధితుడు తన జన్మలో సంపాదించలేని కంపెనీ లోపలి ఈమెయిళ్లు ఇలాంటి దావాల పుణ్యమా అని బయటికొచ్చాయి.

అదే మన పల్నాడులో అయితే రుజువు బరువంతా రైతు నెత్తినే. గురజాల దగ్గర మిరప వేసే మేనమామ ఒక ఏడు మొలక సరిగా రాలేదని ఫోన్లో వాపోతుంటే, కాలిఫోర్నియాలో ఉన్న ఈ వ్యాసకర్త కేసు వెయ్యమన్నాడు. "ఒరే, కేసేస్తే వచ్చే ఏడు అరువు నువ్విస్తావా?" అన్నాడాయన. విత్తనం, పురుగుమందు అరువుకిచ్చేది ఒకే దుకాణం మరి. ఇచ్చేది బిల్లు కాదు, చిట్టీ. దాని మీద లాట్ నంబరుండదు. 10 గ్రాముల మిరప విత్తనాల ప్యాకెట్టు చింపాక ఏ గట్టునో పడిపోతుంది. నర్సరీలో నారు కొన్నవాడి చేతికి అదీ రాదు.

చట్టం లేక కాదు. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు మన రైతుల పక్షానే నిలిచింది. కొన్న విత్తనమంతా చల్లేసే రైతు పరీక్ష కోసం కొంత దాచిపెడతాడని ఎలా అనుకుంటామంది. 2019 వినియోగదారుల చట్టంతో సొంత జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు, ఒకే నష్టం తగిలినవాళ్లు కలిసీ వేయొచ్చు. గడువు రెండేళ్లు.

పంట పోయిందంటే కంపెనీలు తెగులునో వాననో చూపిస్తాయి. 2021-22లో నల్ల తామర పురుగు నిజంగానే మిరప తోటల్ని ఊడ్చేసింది. అలాంటి ఏడు నాసి విత్తనం వాటా ఎంతో తేల్చాలంటే, చేను దున్నేయక ముందే వ్యవసాయ అధికారి వచ్చి చూసి రాసిచ్చిన కాగితం కావాలి.

రైతు ఒక్కడూ చేయలేనిది 2006లో రాష్ట్ర ప్రభుత్వం చేసింది. బీటీ పత్తి విత్తనం మీద కంపెనీ గుంజే రాయల్టీ ఎక్కువంటూ, గుత్తాధిపత్యాన్ని అదుపు చేసే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లింది. 1,600 రూపాయలు దాటిన 450 గ్రాముల ప్యాకెట్టు 750కి దిగింది. మాచర్ల పత్తి రైతు కోర్టు మెట్లెక్కకుండానే లాభపడ్డాడు. అయితే ఆ పోరు ధర మీదే, పోయిన పంట మీద కాదు. పోయిన పంటకు రుజువు రైతే చూపాలి కాబట్టి, ముందు అరువు చిట్టీ మీద లాట్ నంబరు రాయించుకోమని ఈ వ్యాసకర్త పోరు. మేనమామ ఇంకా ఒప్పుకోలేదు.