పప్పు మీది తేట

తాండూరు దగ్గరి కరణ్‌కోట వైపు నుంచి నా దగ్గరికి వైద్యానికి వచ్చే పసిపిల్లల చీటీల మీద ఎక్కువగా రెండే మాటలుంటాయి: మోషన్లు, దగ్గు. బక్కచిక్కాడని పిల్లాణ్ని తెచ్చే తల్లులు అరుదు. బక్కదనం జబ్బు కాదని, తాతపోలికని ఇంట్లోవాళ్లు ఎప్పుడో తేల్చేసి ఉంటారు.

పద్నాలుగు నెలల పిల్లాడొకడు వచ్చాడు. పది కిలోల దాకా ఉండాల్సినవాడు, ఏడున్నర ఉన్నాడు. పుట్టినప్పుడే 2.1 కిలోలు, తల్లికి అప్పటికి పందొమ్మిదేళ్లు. ఏం పెడుతున్నారంటే నాయనమ్మ చెప్పింది: "చిన్న పానం కదా సారూ, పప్పు అరగదు. మీది తేట పోసి ఇంత మెత్తగ పిసికి పెడుతున్నం."

తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పప్పు ఇంట్లో రోజూ ఉడుకుతుంది. అడుగున ఉన్న ముద్ద నాపరాయి గనికి పోయేవాళ్ల టిఫినులోకి, పైనున్న పసుపు నీళ్లు పసివాడికి. మాంసకృత్తులేమో అడుగున ఉంటాయి. పేదరికం మాటెలా ఉన్నా, ఇక్కడ పిల్లాడి వాటా తగ్గించింది మాత్రం ముద్దు. పప్పు గట్టిగా కలిపి చెంచా నూనె వేయమన్నాను. నెలలో నాలుగువందల గ్రాములు పెరిగాడు. చీటీలో రాసిన టానిక్ బాగా పనిచేసిందని నాయనమ్మ సంతోషించింది.

మోషన్లప్పుడు అన్నం మానేయడం మరో అలవాటు. ఓఆర్‌ఎస్ పోస్తారు, అదే గొప్ప. జింకు పద్నాలుగు రోజులు వేయమంటే మూడోరోజు మోషన్లు తగ్గగానే ఆపేస్తారు. తగ్గిన బరువు తిరిగి రావాలంటే రెండు వారాలపాటు రోజూ ఒక పూట అదనంగా తినిపించాలి. అంతలోనే సీసాపాలతోనో కలుషితమైన నీళ్లతోనో మళ్లీ మోషన్లు. ఒంట్లో నిల్వలేని పిల్లాడికి ప్రతి జబ్బూ కాస్త ఎక్కువే ముదురుతుంది, కాస్త ఎక్కువే తినేసి పోతుంది. తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని 2019-20 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఎత్తు ఒక్క జ్వరంతో ఆగిపోదు.

ఏడాదిన్నరకే తమ్ముడు పుట్టిన ఆడపిల్లల సంగతి వేరు. చన్నుపాలు వాడికి పోతాయి. అంగన్‌వాడీలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తారు గానీ, ఇంట్లో అది పెద్దపిల్లలకూ చిరుతిండే. పని కోసం వలస వచ్చినవాళ్లయితే పేరే ఎక్కించుకోని సందర్భాలూ చూశాను.

అందుకే చంటివాణ్ని తెచ్చిన తల్లితో, ఈసారి అక్కను కూడా తీసుకురమ్మంటున్నాను. "దానికేం రోగం లేదు సార్" అంటారు. తెచ్చాక చేతికి టేపు చుడతాను. పన్నెండున్నర సెంటీమీటర్లకు తక్కువ వస్తే, ముందు మందుచీటీ రాసేది ఆ పిల్లకే.