రికార్డులో ఆ ‘సుయ్’ ఏమైంది?

ఆళ్లగడ్డలో మా నాన్నగారి రికార్డు ప్లేయరు ఇంకా పనిచేస్తుంది. చిన్నప్పుడు ఆదివారాలు మాకు మేలుకొలుపు ఘంటసాలగారి భగవద్గీత ఎల్.పి.! ముల్లు ఆనించగానే గొంతు కంటే ముందు ‘సుయ్’మని సన్నటి చప్పుడు వచ్చేది.

మొన్న సంక్రాంతికి మా అబ్బాయి ఆ రికార్డునే కంప్యూటరులోకి ఎక్కించాడు. సి.డి.లో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిస్తే, వీడు 96,000 సార్లు కొలిచాడట. హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలించి, “ఎలా ఉంది నాన్నా?” అన్నాడు.

“భేషుగ్గా ఉందిరా. ఆ సుయ్ చప్పుడు భలే తీసేశావే!”

“నేనేమీ తీయలేదు. అలాగే ఉంది.”

రికార్డు పెట్టించుకుని విన్నాను. అందులోనూ నాకు వినిపించలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అంతకు నెల ముందు ఓ.పి.లో ఒక బాలింత “బిడ్డ పాలు ముట్టడం ల్యా సార్” అంటే, ‘కాలు’ అనుకుని పది రోజుల పసికందు కాళ్లు మడిచి చూస్తూ కూర్చున్నాను. నర్సమ్మ గట్టిగా చెబితేగాని తెలియలేదు. ఆ వయసు బిడ్డ పాలు మానేస్తే ఎంత ప్రమాదం! అదృష్టవశాత్తూ బిడ్డ దక్కింది. తల్లి నోట్లో నోట్లో మాట్లాడుతోందని విసుక్కున్నాను కూడా.

నంద్యాలలో చెవి పరీక్ష చేయించుకుంటే, 4,000 హెర్ట్‌జ్ దగ్గర్నుంచి గీత కిందికి జారింది. లోపలి చెవిలో సన్నని రోమకణాలుంటాయి. హెచ్చు శ్రుతులను అందుకునేవి ముందు దెబ్బతింటాయి, మళ్లీ మొలవవు. ప, క, త, స లను విడదీసి వినిపించేవి ఆ శ్రుతులే. అచ్చులు బాగానే వినబడతాయి గనుక మనకు మన చెవి మీద అనుమానం రాదు, ఎదుటివారి నోటి మీద వస్తుంది!

పడుచువాళ్ల చెవికైనా 20,000 హెర్ట్‌జ్ దాటితే వినబడదు. సి.డి. అంతవరకూ పట్టుకుంటుంది. అందుకే 96,000 గొప్పతనం నాకు అంతుబట్టదు. రికార్డుకు మాత్రం ఒక సుగుణముంది. ఇరవై నిమిషాలకోసారి లేచి తిప్పి పెట్టాలి, చెవికి విశ్రాంతి. ఫోను ఆగదు. 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 90 అయితే 4 గంటలే! ఆళ్లగడ్డ శిల్పులూ, మీకూ ఒక మాట. రాతికోత మిషను ముందు కూర్చునేటప్పుడు చెవులకు రక్షణ తొడుక్కోండి.

ఇప్పుడు నేను వినికిడి మిషను పెట్టుకుంటున్నాను. పోయిన ఆదివారం రికార్డు పెడితే ‘సుయ్’ వినిపించింది. ఫ్యాను రొదా, వంటింట్లో గిన్నెల మోతా కూడా దాంతోపాటే వచ్చాయనుకోండి.